కేతమనాయకుని భయం

శాలివాహన శకం పదమూడు వందల ఒకటి, సిద్ధార్థి నామ సంవత్సరం, పుష్య బహుళ సప్తమి, శనివారం, సూర్యుడు పొడిచిన తొమ్మిది గడియలకు గండిమేడ కోట పెద్దతలుపు తెరుచుకుంది.

రెండు కొండల నడుమ కనుమను అడ్డగించి కూర్చున్న ఆ కోట మూడు తరాలుగా శత్రువు ఎదుట తలుపు తీసి ఎరుగదు. ఆ ఉదయం మంచు విడిపోతూ ఉండగా, దిగువన శంఖవాగు ఇసుక తిన్నెల మీద పడమటి దేశపు దండు కనుచూపు మేర పరుచుకుని ఉంది. ఏనుగుల ఘంటలు, గుర్రాల సకిలింపులు, వంటల పొగలు, వేలాది బల్లేల మీద పడి చెదిరే ఎండ. కోట లోపల మూడు వేల మంది ఊళ్ళవాళ్ళు, పిల్లలతో, మేకలతో, మూటలతో, రెండు నెలలుగా ఒంటిపూట గంజి తాగి బతుకుతున్నవాళ్ళు, ఒకరి చేయి ఒకరు పట్టుకుని నిలబడ్డారు. అంతకు ముందు పడిపోయిన రెండు కోటలలోని జనాన్ని మెడలకు తాళ్ళు కట్టి పడమటి సంతలలో అమ్మారని వాళ్ళందరికీ తెలుసు.

విడిపోయిన తలుపు రెక్కల మధ్య, ఇత్తడి పళ్ళెంలో కోట తాళాలు పెట్టుకుని, పదకొండు యుద్ధాలు గెలిచిన దండనాయకుడు కేతమనాయకుడు నిలుచున్నాడు. అతని చేతులు వణుకుతుంటే పళ్ళెంలో తాళాలు గలగలమన్న చప్పుడు బురుజు మీదివారికి కూడా వినిపించింది.

ఆ వణుకు ఎలా వచ్చిందో మా ఇంటి ఆడవాళ్ళు ఒకరి నుంచి ఒకరు విని దాచుకుంటూ వచ్చారు. అంకమ్మ తల్లిని తలుచుకుని, విన్నది విన్నట్టు చెబుతున్నాను.

ముట్టడి మొదలు కావడానికి పది రోజుల ముందు, కార్తిక పౌర్ణమి నాడు, రాజధాని వేల్పుకొండ నుంచి ఒక బండి వచ్చింది. వృద్ధుడైన మల్లభూపతి మహారాజు పేరిట, మహామంత్రి బాచనామాత్యుడు పంపిన కానుకలు అందులో ఉన్నాయి: రెండు పట్టు శాలువలు, ఒక కత్తి, నడుమెత్తు జాడీ నిండా సాంబ్రాణి. "ఇది జయధూపము. రాజధానిలో నూట ఎనిమిది రోజులు పూజలో పెట్టినది. శత్రువు కోటను చుట్టుముట్టిన నాటి నుండి దండనాయకులవారు ప్రతి ఉదయం కులదేవత ఎదుట స్వయంగా వేయవలెను" అని మంత్రి చేవ్రాలుతో తాటాకు. సాంబ్రాణిలో ఎర్రని పొడి కలిసి ఉంది. కుంకుమపువ్వు కాబోలు, ఎంత ఖర్చుకు ఓర్చారో అని ఇంటిల్లిపాదీ కళ్ళకద్దుకున్నారు.

ఆ ఇంటికి రెండు కట్టుబాట్లు ఉండేవి. యుద్ధకాలంలో నాయకుడి కంచంలోని తొలి ముద్ద అతని భార్య తినాలి. ఆమె తిన్న అరగడియకు గాని అతను అన్నం ముట్టడు. రెండవది, అంకమ్మ తల్లి గదిలోకి యుద్ధకాలంలో ఇంటి యజమాని ఒక్కడే వెళ్ళి, తలుపు మూసుకుని, రెండు గడియలు ధూపం వేసి ధ్యానం చేయాలి. ఆ గదికి కిటికీ లేదు. అమ్మవారి పొగ బయటికి పోతే కోట బలం బయటికి పోతుందని పెద్దల మాట.

కేతమనాయకుని భార్య కుప్పసాని రోజూ తొలి ముద్ద తింటూనే ఉంది. ఆమెకు ఏమీ కాలేదు.

మొదట మార్పు వచ్చింది అతని నోటికి. "కుప్పసానీ, కూరలో ఏమి వేశారు? రాగిచెంబు నాకినట్టుంది" అన్నాడు ఒక మధ్యాహ్నం. ఆమె మళ్ళీ రుచి చూసింది. కూర మామూలుగానే ఉంది. వారం తిరిగేసరికి తెల్లవారి లేచినప్పుడు అతని తలగడ లాలాజలంతో తడిసి ఉండేది. చిగుళ్ళ నుంచి నెత్తురు వచ్చేది. ఒకనాడు జొన్నరొట్టె కొరుకుతుంటే పన్ను ఊడి కంచంలో పడింది. ఆమె నవ్వులాటగా తీసేయబోయింది. "ముసలివారైపోతున్నారు స్వామీ, ఇక మీకు పోటీ మా అత్తమ్మే" అంది. ఇంకెప్పుడైనా అయితే అతను ఇల్లు అదిరేలా నవ్వేవాడు. ఆనాడు మాత్రం తలవంచుకుని, ముఖమంతా ఎర్రబడి, "నన్ను అలా చూడకు" అన్నాడు.

తరువాత చేతులు వణకడం మొదలైంది. రాజుగారికి లేఖ రాస్తుంటే గంటం తాటాకును చీల్చేసింది. మూడు ఆకులు చీలాక, రాయసగాణ్ణి పిలిచి చెప్పి రాయించాడు. అంతవరకు అది నీరసమనో, పోరాటపు అలసట అనో సరిపెట్టుకోవచ్చు. కానీ మార్గశిరం చివరికి మారుతున్నది అతని ఒళ్ళు ఒకటే కాదని ఆమె గ్రహించింది. ఎవరైనా వెనుక నిలబడితే ఓర్చుకోలేకపోయేవాడు. గోడకు వీపు ఆనించి గాని కూర్చునేవాడు కాదు. వంటింట్లో గరిటె జారిపడితే ఉలిక్కిపడి, ఆ తరువాత సిగ్గుతో ఆ గరిటె జారవిడిచిన దాసిపై కత్తి దూశాడు. బురుజు మెట్లు సగం ఎక్కి, కింద సైనికులు చూస్తూ ఉండగా, కళ్ళు మూసుకుని, గోడ పట్టుకుని ఒక్కొక్క మెట్టే దిగి వచ్చాడు. ఆ రోజు నుంచి బురుజు ఎక్కలేదు.

ఇరవై ఏళ్ళు కాపురం చేసిన మనిషి కళ్ళలో నుంచి వేరే మనిషి తనను బెదురుగా చూస్తున్నాడని కుప్పసానికి అనిపించేది. పక్కన పడుకోవాలంటే భయం, పక్కన లేకపోతే ఇంకా భయం.

అత్తగారు లకుమమ్మ ఒకనాడు ఆమెను పెరట్లోకి పిలిచింది. "అమ్మాయీ, వాడికి జ్వరం లేదు, గాయం లేదు. మరి ఇదేమిటి?"

"నాకు తెలియడం లేదు అత్తమ్మా."

"నాకు తెలుసు. తల్లికి కోపం వచ్చింది. మనం ధూపం చాలినంత వేయడం లేదు. నడుమెత్తు జాడీ నిండా పంపాడు ఆ మహానుభావుడు, మన వాడు చిటికెడు చిటికెడు వేస్తున్నాడు, పిసినారిలాగా." లకుమమ్మ అప్పటికప్పుడు కొడుకు దగ్గరికి వెళ్ళి ఒట్టు వేయించుకుంది. ఆ మర్నాటి నుంచి నాయకుడు ఉదయం, సాయంత్రం, నాలుగేసి గడియలు ఆ గదిలో కూర్చున్నాడు. బయటికి వచ్చేటప్పుడు గుమ్మం పట్టుకుని నిలబడేవాడు. ఇంటి ఆడవాళ్ళు మూసిన తలుపు ముందు సాగిలపడి, ఇంకొంచెం పొగ వేయించమని ఆ తల్లినే వేడుకున్నారు.

పుష్య బహుళ పంచమి నాడు, పట్టపగలు, తెల్లజెండాతో పడమటి దండనాథుడు కాళరాయని రాయబారి వచ్చాడు. నాయకుడు సభ చావడిలో స్తంభం చాటున కూర్చున్నాడు; పక్కన భార్య, ఆమె తమ్ముడు దామన. దామన విలుకాండ్రకు పెద్ద.

రాయబారి నమస్కరించి, చుట్టూ తాపీగా చూసి, చిరునవ్వుతో అన్నాడు: "నాయకశిఖామణీ, మా రాయలవారు మీ శౌర్యమునకు జోహారులు పంపినారు. ఎల్లుండి సప్తమి నాడు తొమ్మిది గడియల వేళకు మీ చేతులతో తాళములు అందించినచో మీ వంశమునకు ప్రాణభయము లేదు. జనమును గూర్చి మీరు చింతింపనక్కరలేదు, వారికి మంచి వెలయే పలుకును."

"నీ నాలుక కోసి వాగులో పారేస్తానురా!" అని దామన లేచాడు.

"కూర్చో దామనా" అన్నాడు నాయకుడు. ఆ గొంతులోని ఏడుపు విని దామన కూలబడ్డాడు.

రాయబారి ఇంకొక అడుగు ముందుకు వేశాడు. "అయ్యో, మీ ఆరోగ్యము అడుగుట మరిచితిని. నోట లాలాజలము ఇంకను ఊరుచున్నదా? ఎన్ని దంతములు ఊడినవి? ఎవరైనా తేరిపార చూచినచో సిగ్గు కలుగుచున్నదా, నాయకా?"

పన్ను ఊడిన సంగతి ఆమెకు, అత్తగారికి తప్ప కోటలో ఇంకెవరికీ తెలియదు. కోట బయటివాడికి ఎలా తెలిసింది?

ఆమె ఆ మాట అనే లోపలే నాయకుడు రెండు చేతులతో ముఖం కప్పుకుని, "సరే. సరేనని చెప్పు మీ రాయలకు. తలుపు తీస్తాను. ఇక చప్పుడు చేయకండి. ఎవరూ చప్పుడు చేయకండి" అన్నాడు.

రాయబారి వెళ్ళిపోయాడు. నాయకుడు గోడ వైపు తిరిగి పడుకున్నాడు. కుప్పసాని, జన్మలో మొదటిసారి కట్టుబాటు తప్పి, అంకమ్మ తల్లి గది తలుపు తోసింది. అడగడానికి ఆ తల్లి తప్ప ఇంకెవరూ మిగల్లేదు. లోపల ఎర్రని బూడిద, గొంతు పట్టే వాసన. దీపం ఎత్తి చూసింది. తల్లి మెడలోని బంగారు పుస్తెలు రెండూ శవం రంగులోకి తెల్లబడి ఉన్నాయి.

వెనుకనుంచి లకుమమ్మ ఏడ్చింది. "నేను చూశానే అమ్మాయీ, ఎనిమిది రోజుల కిందట వాడు బయటికి వస్తుంటే తలుపు సందులోంచి చూశాను, నీకు చెప్పలేకపోయాను. ఒట్టు వేయించుకున్నది నేనే. నీ పసుపుకుంకుమలకు ఇంక రోజులు లేవే తల్లీ!"

కుప్పసాని కూడా అదే అనుకుంది. కానీ ఆవిడ పద్ధతి గల మనిషి. తలుపు తీసే రోజున అమ్మవారు తెల్లటి పుస్తెలతో ఉండకూడదు, వాటికి మెరుగు పెట్టించి తిరిగి మెడలో వేసి, ఆ తరువాత ఏది జరగాలో అది జరగనీ అనుకుని, పుస్తెలు కొంగున కట్టుకుని, కోటలోని కంసాలి అయ్యలోజు ఇంటికి తానే నడిచి వెళ్ళింది.

అయ్యలోజు ముసలివాడు. పుస్తెలు అరచేతిలో వేసుకుని, గోటితో గీకి, "ఎవరమ్మా వీటికి పాదరసం పూసింది?" అన్నాడు.

"ఎవరూ ఏమీ పూయలేదు అయ్యలోజూ. తల్లికి కోపం వచ్చింది."

"తల్లి కోపం నాకు తెలియదు గాని, నా పని నాకు తెలుసు." పుస్తెలు కుంపటి మీద పట్టుకారుతో పట్టి, "అమ్మగారూ, మీరు గాలికి ఎదురుగా నిలబడకండి, ఇటు రండి" అని తాను కూడా ముఖం పక్కకు తిప్పుకున్నాడు. కాసేపటికి ఆ తెలుపు మాసి, అడుగు నుంచి పసుపు రంగు తేలింది. నీళ్ళలో ముంచి, రుద్ది చేతికిచ్చాడు. బంగారం బంగారంలాగే ఉంది.

"రాగి విగ్రహాలకు బంగారు పూత పెట్టేటప్పుడు పాదరసంలో బంగారం కలిపి పూసి, నిప్పు మీద కాలుస్తాం. ఆ పొగ పీల్చీ పీల్చీ మా నాన్న పోయాడు. చేతులు వణికేవి. నోరు ఊరేది. పళ్ళు రాలాయి. పులిలాంటి మనిషి, చివరికి మా అమ్మ కొంగు చాటున దాక్కునేవాడు" అన్నాడు అయ్యలోజు. "అమ్మవారి గదిలో పాదరసం ఎందుకుంటుంది తల్లీ? అక్కడ ఏమి కాలుస్తున్నారు?"

కుప్పసాని ఇంటికి పరుగున పోయి, జాడీలోని పొడి గుప్పెడు పట్టుకొచ్చింది. ముసలివాడు ఒక్కసారి చూసి, "ఇంగిలీకం" అన్నాడు. "ఎర్రటి రాయి. దీన్ని నిప్పు మీద వేస్తే పొగలో పాదరసం పుడుతుంది. ఇంత ఇంగిలీకం, ఇంత సన్నగా నూరి, సాంబ్రాణిలో కలిపారంటే, పొరపాటున జరిగే పని కాదు."

దీని వెనుక ఉన్న ఆలోచన తరువాత దొరికిన లేఖల్లో తేలింది. బాచనామాత్యునికి కేతమనాయకుణ్ణి చంపించడం పెద్ద పని కాదు. చంపిస్తే ఆ చోటికి దామన వస్తాడు, పగబట్టి వస్తాడు, కోట ఇంకొక ఏడాది నిలుస్తుంది. మల్లభూపతి సింహాసనం మీద తనను కూర్చోబెడతామని పడమటివారు ఇచ్చిన మాట నెరవేరాలంటే కనుమ తెరుచుకోవాలి. దాన్ని తెరిచేది కేతమనాయకుడి చేయే కావాలి. అందుకే ఆ మహామంత్రి కత్తిని, శాలువలను పైన పేర్చి, అడుగున భయాన్ని జాడీలో పెట్టి పంపాడు. ఆ పొగ మనిషిని ఏమి చేస్తుందో పడమటివారికి ముందే రాశాడు.

నాయకుడికి ఆమె అంతా చెప్పింది. అతను గోడ వైపు తిరిగే విన్నాడు. విని అన్నాడు: "అయితే ఈ భయం నాది కాదన్నమాట."

"కాదు స్వామీ. వాడు పంపినది."

"మరి ఎందుకు పోవడం లేదు? నీవు చెప్పావు, నేను నమ్మాను. అయినా ఆ కిటికీ వైపు చూడలేకపోతున్నాను చూడు." అతను లేచి కూర్చున్నాడు. దవడ వణుకుతుంటే మాటలు ముక్కలై వచ్చాయి. "కుప్పసానీ, ఒక పని ఉంది. తలుపు తీస్తానని మాట ఇచ్చాను. తీస్తాను."

దామనను పిలిపించి నాయకుడు చెప్పిన మాటలు మా ఇంట్లో అక్షరం పోకుండా నిలిచాయి:

"దామనా, వినుము. పెద్దతలుపునకు, లోతలుపునకు నడుమ ఉన్న ఆవరణలో మూడు వందల గుర్రములు పట్టును. కాళరాయడు జయమును ఎవ్వరికిని వదలడు, తానే ముందు వచ్చును. నేను తాళములు పట్టుకొని నిలుచుందును. వాడు నా చేతులు చూచును, నా నోరు చూచును, నమ్మును. నటించువాని వణుకైనచో వాడు కనిపెట్టును. నా వణుకు సత్యము. వాడు లోనికి రాగానే పెద్దతలుపును లోపలి నుండి మూసి అడ్డగడియ వేయుటకు పద్దెనిమిది మంది కావలెను. వారు తిరిగి రారు. నీవు గోడల మీద నుండి బాణములు వేయుము. కింద ఎవరున్నారని చూడకుము."

"బావగారూ, మీరు బయటికి వచ్చే దారి?"

"లేదు."

నాయకుడు భార్య వైపు తిరిగాడు. ఈసారి ఇంటి మాటల్లోనే అన్నాడు. "లోతలుపు తాళం నీ దగ్గర ఉంచుకో. దామనకు ఇవ్వకు, వాడు జాలిపడతాడు. నేను ఆ తలుపు కొడతాను, కుప్పసానీ. నిలబడదామనే అనుకుంటున్నాను, కానీ నన్ను నేనెరుగుదును ఇప్పుడు. ఏడుస్తాను, నీ పేరు పెట్టి పిలుస్తాను. తీయకు."

ఆమె తాళం పుచ్చుకుంది. ఆ రెండు రోజులూ అతనికి అన్నం తనే కలిపి పెట్టింది. ముందు తాను ఒక ముద్ద తిని.

ఇక సప్తమి, శనివారం, తొమ్మిది గడియలు.

కాళరాయడు తెల్ల గుర్రం మీద, వెనుక మూడు వందల మంది మేటి రౌతులతో పెద్దతలుపు దాటాడు. ఎదుట వంగి, నోటి నుంచి చొంగ కారుతూ, పళ్ళెం గలగలలాడిస్తూ నిలబడిన మనిషిని చూసి పకపక నవ్వాడు. "వీడేనా కేతమనాయకుడు! ఒరే, వీడి పేరు చెప్పి మా అమ్మ నన్ను నిద్రపుచ్చేది!" రౌతులంతా నవ్వారు. ఆ నవ్వుల్లో పెద్దతలుపు కదిలిన చప్పుడు ఎవరికీ వినిపించలేదు. గోడవారగా చీపుర్లు పట్టుకుని వంగి నిలబడిన పద్దెనిమిది మందీ తలుపు మూసి, ఏనుగు కాలంత అడ్డగడియను కొక్కేలలో పడవేసి, దానికి వీపులు ఆనించి నిలబడ్డారు.

పళ్ళెం నేలను తాకింది. పైనుంచి బాణాలు కురిశాయి.

లోతలుపుకు ఇవతల కుప్పసాని ఒక్కతే నిలబడింది. మొదట గుర్రాల అరుపులు విన్నది. తరువాత ఎవరో తలుపు మీద రెండు చేతులతో బాదారు.

"కుప్పసానీ! తీయవే! తీయవే, చంపేస్తున్నారు!"

ఆమె తాళాన్ని రెండు గుప్పిళ్ళ మధ్య నొక్కి పట్టుకుంది.

"అమ్మా! అమ్మా, తలుపు తీయించవే! కుప్పసానీ, నీకు దండం పెడతానే!"

లకుమమ్మ వీధిలో నుంచి పరుగున వచ్చి కోడలి కాళ్ళ మీద పడింది. "తీయవే, నా బిడ్డ పిలుస్తున్నాడే! నీవు మనిషివేనా?" కుప్పసాని పెదవి కొరుక్కుంటే నెత్తురు చుబుకం మీదికి కారింది. కదలలేదు. గోళ్ళతో చెక్కను గీకుతున్న చప్పుడు కిందకి, కిందకి దిగి, గడప దగ్గర ఆగింది. కాసేపు మూలుగు మాత్రమే.

తరువాత, తలుపు సందులో నోరు ఆనించి చెప్పినంత దగ్గరగా, ఆమె ఇరవై ఏళ్ళుగా ఎరిగిన గొంతు, నెమ్మదిగా, దాదాపు గుసగుసగా: "తీయలేదు కదా?"

"తీయలేదు స్వామీ."

"తీయకు."

ఆ తరువాత అతని అడుగులు తలుపు నుంచి దూరంగా, గుర్రాల వైపు వెళ్ళడం ఆమె విన్నది.

మధ్యాహ్నానికి ఆవరణలో చప్పుడు ఆగింది. కాళరాయడు చచ్చాక పడమటి దండు వాగు దాటి వెనక్కి మరలింది. కాళరాయని నడుము పట్టీలో బాచనామాత్యుని చేవ్రాలు గల లేఖలు దొరికితే దామన ఆ సాయంత్రమే వాటిని మహారాజుకు పంపాడు. లేఖల కంటే ముందే వార్త అంది, ఆ మంత్రి పారిపోతూ కనుమ దారిలోనే పట్టుబడ్డాడు. కేతమనాయకుడు కాళరాయని గుర్రం కిందే పడి ఉన్నాడు, కళ్ళెం రెండు చేతులకూ చుట్టుకుని. చేతులు కదలడం లేదు.

దామన మెల్లగా అడిగాడు. "అక్కా, బావగారు తలుపు కొట్టిన సంగతి గోడ మీద మా వాళ్ళు కొందరు విన్నారు. వాళ్ళను ఒట్టు పెట్టించి నోరు మూయించనా?"

"వద్దు" అంది కుప్పసాని. "ఏడ్చారు. తీయమన్నారు. ఆ తరువాత తీయవద్దన్నారు. అడిగినవాళ్ళకు అంతా చెప్పండి. సగం చెప్పకండి."

మర్నాడు, అష్టమి ఆదివారం, వాళ్ళ ఇంటి పొయ్యిలో నుంచే పంతొమ్మిది చితులకు నిప్పు వెళ్ళింది. పద్దెనిమిది ఇళ్ళవాళ్ళు ఒక్కొక్కరే కుండ తెచ్చుకుని గుమ్మంలో నిలబడితే, కుప్పసాని పట్టుకారుతో నిప్పులు తీసి తానే వేసింది. చివరి కుండ కేతమనాయకునిది. దానికి లకుమమ్మ నిప్పులు పెట్టింది. ఆ ముసలావిడ చేయి తడబడితే కోడలు కింద తన చేయి పట్టింది. అంతటితో పొయ్యిలో నిప్పు అయిపోయింది. ఇంట్లోవాళ్ళు స్నానాలు చేసి వచ్చాక, దండనాయకుని ఇంటి నుంచి అత్తా కోడళ్ళిద్దరూ తడి తలలతో వీధి చివరి చాకలివారి ఇంటికి నడిచి వెళ్ళి, గుమ్మంలో నిలబడి, కాస్త నిప్పు పెట్టమని అడిగి తెచ్చుకుని, గంజి కాచుకున్నారు.